పసిబిడ్డను చూసి పనివేళలు పెట్టుకోండి

చంటిపిల్లలు, చూలాలు ఉన్న రైతు ఇంట్లో వేసవి గడిపే తీరు

కంది కోత ఎప్పుడో అయిపోయింది. విత్తనానికని ఉంచిన వేరుశనగ కాయ మూటలు ఇంట్లో ఓ మూల ఉన్నాయి. బోరు ఉన్నవాళ్లకు అరెకరమో ఎకరమో టమాటా, కాస్త పశువుల గడ్డి తప్ప పొలంలో పచ్చగా ఏమీ కనిపించదు. ఈ రెండు నెలలూ రైతుకు తీరికే కదా అని పట్నంవాళ్లు అనుకుంటారు. చెరువు మన్ను తోలేది, దిబ్బ ఎరువు చల్లేది, కంచె కట్టేది, ఉపాధి పనికి పోయేది, నీళ్ల కోసం తిరిగేది, అన్నీ ఈ ఎండలోనేనని మీకు తెలుసు. ఇంట్లో ఓ చంటిబిడ్డ, బడికి పోయే ఇంకో బిడ్డ, మళ్లీ నెలలు నిండుతున్న ఇల్లాలు ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో జూన్ నెలాఖరు నుంచి పదును దొరికితే విత్తనం వెయ్యాలి. అంతకుముందే బడులు తెరుస్తారు. విత్తనానికీ, పిల్లల పుస్తకాలకీ దాచుకున్న నాలుగు డబ్బులు మే నెలలో ఆసుపత్రి పాలైతే, సేద్యం అప్పుతోనే మొదలవుతుంది. చిన్న కమతాల ఇళ్లల్లో చాలాసార్లు జరిగేది ఇదే. పైరుకు తెగులు రాకముందే విత్తనశుద్ధి చేస్తాం. పశువుకు జబ్బు రాకముందే టీకా వేయిస్తాం. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టుకోవాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంటి పనివేళల్ని పెద్దవాళ్ల వీలును బట్టి కాకుండా, ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డను బట్టి దిద్దుకుంటే చాలు.

ఎండ అందరికీ ఒకటి కాదు

ఎద్దుకు ఎండ తగిలితే తాడు లాక్కుని అయినా నీడకు పోతుంది. దాహమైతే తొట్టి దగ్గర నిలబడుతుంది. పసిబిడ్డ రెండూ చెయ్యలేదు. పైగా చిన్న ఒంటికి వేడి త్వరగా ఎక్కుతుంది, చెమట పట్టి చల్లబడే శక్తి తక్కువ. పెద్దవాళ్లు "అబ్బా, ఉడుకు" అనుకునే వేడి పసివాడిని నీరసపెట్టేస్తుంది. గర్భిణి సంగతీ అంతే. ఆమె ఒక ఒంటితో రెండు ప్రాణాల వేడిని మోస్తుంది.

2015 మే నెల చివర వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2003 వేసవిలోనూ ఉమ్మడి రాష్ట్రంలో అలాగే జరిగింది. పోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసుకు బతికేవాళ్లు, ముసలివాళ్లు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా నడిచే ఆ పక్షం రోజులే కాదు, కృత్తిక కార్తె నుంచే జాగ్రత్త పడాలి.

పొద్దెక్కకముందే పని

బయటి పనులన్నీ తెల్లవారుజామున మొదలుపెట్టి పదిగంటలకు ముగించండి. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు, చూలాలు నీడ పట్టునే ఉండాలి. మిగిలిన పని సాయంత్రం నాలుగున్నర తర్వాత చూసుకోవచ్చు. మన్ను తోలే ట్రాక్టరు మధ్యాహ్నమే దొరికిందని అందరూ ఎండలోకి దిగొద్దు. ఒకరోజు ఆలస్యమైతే నష్టమేమీ లేదు.

2006 ఫిబ్రవరి 2న దేశంలోనే తొలిసారి ఉపాధి హామీ పనులు మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి నుంచీ మన పల్లెల్లో వేసవి అంటే ఉపాధి పనే. పనిచోట నీడ, తాగునీళ్లు, మందుల పెట్టె ఉన్నాయా అని అడిగి మరీ పెట్టించుకోండి. అడగడానికి మొగమాటం అక్కర్లేదు. చంటిబిడ్డను పనిచోటికి తీసుకుపోక తప్పకపోతే, ఒక మనిషి నీడలో పిల్లల్ని చూసుకునేట్టు ఏర్పాటు చేసుకోవాలి. గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టి పనిలోకి దిగడం ప్రమాదం. నీడ జరిగిపోతుంది, బిడ్డ ఎండలో మిగులుతుంది.

ఇంకో మాట. నీళ్లు మోయడం ఆడవాళ్ల పని అన్న పట్టింపు ఈ వేసవికైనా పక్కన పెట్టండి. ఏడో నెల గర్భిణి నడుమున బిందె, చంకన బిడ్డతో కొళాయి దగ్గర నిలబడితే, ఇంట్లో మగవాళ్లు ఎంత సేద్యం చేసీ లాభం లేదు. తెల్లారి పాలు పితికే వేళకే సైకిలు మీదో, బండి మీదో మగవాళ్లు నాలుగు బిందెలు తెచ్చి పడేస్తే ఇంట్లో సగం బరువు తగ్గుతుంది.

రేకుల ఇల్లు, చీర ఊయల

పాత మట్టి మిద్దెలు వేసవిలో చల్లగా ఉండేవి. ఇప్పుడు చాలామందివి రేకుల ఇళ్లు. మధ్యాహ్నం రేకు కాలి, ఆ వేడి నేరుగా కిందికి కొడుతుంది. దూలానికి చీర ఊయల ఎత్తుగా కట్టి బిడ్డను పడుకోబెడితే, ఇంట్లోకెల్లా వేడిగా ఉండే చోట పడుకోబెట్టినట్టే. ఊయల నేలకు మూరెడు ఎత్తులో ఉండేలా కిందికి దించి కట్టండి. ఎండ వేళ అయితే ఇంటి వెనక వేపచెట్టు నీడ ఇంకా మేలు. చీమలు, పురుగు పుట్ర చూసుకుని కట్టాలి. ఈగలు వాలతాయని ఊయల మీద దళసరి దుప్పటి కప్పొద్దు, లోపల గాలాడదు. పలచని దోమతెర గుడ్డ చాలు.

రేకు మీద తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. కొబ్బరి మట్టలు గానీ, చొప్ప గానీ పరిచినా వేడి తగ్గుతుంది. అయితే పొయ్యి ఉన్న వైపు, కరెంటు తీగ వచ్చే వైపు పరచొద్దు, నిప్పు అంటుకుంటుంది. మధ్యాహ్నం వంట కొట్టంలోనో చెట్టు కిందో చేసుకుంటే ఇల్లు అంత వేడెక్కదు. పిల్లల ఒళ్లు మధ్యాహ్నం ఒకటి రెండుసార్లు తడిగుడ్డతో తుడవండి.

ఆరు నెలల్లోపు బిడ్డకు నీళ్లొద్దు

ఎండలు ముదిరాయంటే అవ్వలు చంటిబిడ్డకు చెంచాతో నీళ్లు పడతారు. పాపం, ప్రేమతోనే. కానీ అది పొరపాటు. తల్లిపాలలో నూటికి 87, 88 పాళ్లు నీరే. ఎంత ఎండ కాసినా ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. నీళ్లతో కడుపు నిండితే బిడ్డ పాలు తక్కువ తాగుతుంది. ఆ నీళ్లు మంచివి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. వేసవిలో చెయ్యాల్సింది పాలు ఇంకా ఎక్కువసార్లు పట్టడం. రోజు మొత్తంలో బిడ్డ ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ ఒంటికి పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. పాలిచ్చిన ప్రతిసారీ తల్లి ఓ పెద్ద గ్లాసుడు నీళ్లో మజ్జిగో తాగాలి. అవ్వకు అప్పగించాల్సిన పని అదీ: బిడ్డకు కాదు, కోడలికి నీళ్లందించడం.

వేడి చేసిందని పసిబిడ్డకు ఆముదం పట్టడం కూడా మానుకోండి. ఒంట్లో నీరు తగ్గే కాలంలో విరేచనం అయ్యే మందు పోస్తే బిడ్డ మరింత డస్సిపోతుంది.

ఆరు నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టాలి. మన ఇంట్లో ఉన్న రాగులే చాలు. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. ఈ పిండితో చేసిన జావ పిల్లలకు తేలిగ్గా అరుగుతుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పిల్లల ఎముకకు అది బలం. అంగన్‌వాడీలో ఇచ్చే పిండి వస్తే ఇంట్లో అందరికీ పంచకుండా ఆ బిడ్డకే వాడండి. జావ ఏ పూటకాపూట కాచాలి. పొద్దున కాచింది మధ్యాహ్నం పెడితే ఈ వేడికి చెడిపోతుంది. పాలసీసా వద్దు, ఎంత కడిగినా పీకలో మురికి మిగులుతుంది. గిన్నె, చెంచా మేలు.

పెద్దవాళ్లకు అంబలే మందు

గ్లాసు రాగిపిండి రాత్రి నానబెట్టి, పొద్దున ఏడెనిమిది గ్లాసుల నీళ్లతో కాచి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలిపితే ఇల్లంతటికీ పొద్దుటి అంబలి. పనికి పోయేటప్పుడు తాగి, సీసాలో కొంత పట్టుకుపోండి. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి గుక్కెడు నీళ్లు తాగాలి. టీ మీద టీ తాగి ఆకలి చంపుకోవద్దు. చల్లటి రంగు నీళ్లకు పెట్టే డబ్బుతో కలింగర పండో దోసకాయో ఇంటిల్లిపాదికీ వస్తుంది. బజార్లో ముందే కోసి ఈగల మధ్య పెట్టిన ముక్కలు కొనొద్దు, కాయ తెచ్చుకుని ఇంట్లో కోసుకోండి.

బట్టలు ఉతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు వీధిలోకి వదలకుండా పెరట్లో రెండు మడులకు మళ్లిస్తే బెండ, సొర కాస్తాయి. ఓ మునగచెట్టు ఉంటే ఆకుకూరకు వెతుక్కోనక్కర్లేదు. ఆకుకూరలకు మాత్రం మురికి నీళ్లు తగలకుండా కడిగిన మంచినీళ్లే పోయాలి, వండేముందు బాగా కడగాలి.

విరేచనాలు పట్టుకుంటే

వేసవిలో నీళ్లు తగ్గుతాయి, ఉన్న నీళ్లు చెడతాయి. అందుకే పిల్లలకు ఎక్కువగా వచ్చేది విరేచనాలే. తాగే నీళ్లు కాచి చల్లార్చి మూతపెట్టిన బిందెలో ఉంచండి. చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీసుకోండి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. అలాంటిచోట తాగడానికి కొళాయి నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో పట్టుకుని, మిగతా అవసరాలకు బోరు నీళ్లు వాడండి.

బిడ్డకు విరేచనాలు మొదలైతే భయపడొద్దు, ఆలస్యమూ చెయ్యొద్దు. ఆశా కార్యకర్త దగ్గరో, ఆరోగ్య కేంద్రంలోనో దొరికే ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపండి. పొట్లం మీద వేరే కొలత రాసి ఉంటే ఆ ప్రకారం చెయ్యండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు పావు నుంచి అరగ్లాసు, పెద్ద బిడ్డకు అరగ్లాసు నుంచి గ్లాసు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కలిపిన నీళ్లు ఒకరోజు దాటితే పారబోయండి. పొట్లం అందకపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. తల్లిపాలు, తిండి ఆపొద్దు. ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్రలు ఇస్తారు. విరేచనాలు తగ్గినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి.

అంగట్లో డబ్బాల్లో అమ్మే తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు చూసి చాలామంది మోసపోయారు. హైదరాబాదులో ఒక పిల్లల వైద్యురాలు దీనిమీద ఏళ్ల తరబడి పోరాడాక, సరైన పాళ్లలో లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. వాటిలో చక్కెర ఎక్కువ, దానివల్ల విరేచనాలు ముదురుతాయి. మీకు కావాల్సింది పొట్లమే.

కళ్లు లోపలికి పోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరు గంటలుగా ఒంటికి పొయ్యకపోయినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి. మగతగా ఉన్న బిడ్డకు మాత్రం నోట్లో పొయ్యొద్దు.

చూలాలు ఉన్న ఇంట్లో

ఎండదెబ్బకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి తలమీద బరువులు, వంగి చేసే పనులు నెలలు నిండేకొద్దీ తగ్గించాలి. మధ్యాహ్నం రెండు గంటలైనా ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. రక్తం పట్టే మాత్రలు 180 రోజులు మానకుండా వేసుకోవాలి, టీతో కలిపి వేసుకోకూడదు. మూత్రం మంటగా వచ్చినా, కళ్లు తిరుగుతున్నా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా, నీరు గానీ రక్తం గానీ పోయినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

కాన్పుకు పుట్టింటికి పోయేవాళ్లు, బెంగళూరు వైపు సుగ్గికి పోయేవాళ్లు తల్లీబిడ్డ కార్డు వెంట తీసుకుపోవాలి. బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే వెయ్యాల్సిన తట్టు టీకా ఊరు మారినంత మాత్రాన ఆగకూడదు. కార్డు చూపిస్తే ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా వేస్తారు.

బడి పిల్లలు, బావులు, పాడుబడ్డ బోర్లు

సెలవుల్లో పిల్లల్ని కట్టిపడెయ్యలేం. ఈత రాని పిల్లల్ని బావికీ, నీటికుంటకూ, క్వారీ గుంతకూ ఒంటరిగా పంపొద్దు. నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్లే దగ్గరుండి ఈత నేర్పడం మన పాత పద్ధతి. ఇప్పుడూ అదే మంచిది.

మన జిల్లాల్లో నీళ్లు పడక వదిలేసిన బోర్లకు లెక్కలేదు. కేసింగు పీకేసి గోనెసంచి కప్పి వదిలేస్తే అది పిల్లల పాలిట మృత్యువే. పాడుబడ్డ బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మన్ను, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మళ్లీ వాడదామనుకుంటే ఇనుప పలకతో గట్టిగా మూత బిగించాలి. ఈ వేసవిలో మీ పొలంలో చెయ్యాల్సిన మొదటి పని ఇదే అనుకోండి.

ఇల్లు సర్దేటప్పుడు మిగిలిన పురుగుమందులు వెతికి తీసి, పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి పెట్టండి. కూల్‌డ్రింకు సీసాల్లో మందు పోసి ఉంచొద్దు. దాహంతో వచ్చిన పిల్లాడు సీసా చూసి ఎత్తేస్తాడు.

ఆరుబయట పడక

రాత్రిళ్లు ఉడుక్కు తాళలేక అందరం బయటే పడుకుంటాం. చాప మీద నేలన పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, అది కరిచినా నొప్పి తెలియకపోవచ్చు. మంచమేసి దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే పాముకూ, తేలుకూ, దోమకూ ఒకటే విరుగుడు. పడుకున్న మనిషి లేచి కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టుందని అన్నా, కనురెప్పలు వాలిపోతున్నా మంత్రాలతో పొద్దుపుచ్చొద్దు. కరిచిన చోట కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, కదలకుండా ఉంచి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. తేలు కుట్టిన బిడ్డకు చెమటలు, వాంతులు మొదలైనా అంతే తొందర అవసరం.

వడదెబ్బ తగిలితే

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉన్నా, పడిపోయినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగానే పని మొదలుపెట్టాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. జ్వరం మాత్ర ఈ వేడిని దించదు, నీళ్లే దించుతాయి.

ఇవన్నీ వినడానికి చిన్న సంగతులే. ఊయల కిందికి దించడం, బిందె మగవాళ్లు మోయడం, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు గూట్లో పెట్టుకోవడం, పాత బోరు పూడ్చడం. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఏది ఎవరు చేస్తారో అనుకోండి. మృగశిర కార్తెకు చిరుజల్లు పడి నేల చల్లబడేసరికి పిల్లలు ఆడుకుంటూ, ఇల్లాలు కులాసాగా, విత్తనాల డబ్బు పెట్టెలోనే ఉంటే, ఈ ఏటి సేద్యంలో మీ మొదటి పంట చేతికొచ్చినట్టే.